నోటిమాట చెల్లే కొండ

1. కింది గేటు నుంచి నీలిదొనకి

ఈ యాత్ర మా అబ్బాయీ కోడలూ కలిసి ఇచ్చిన కానుక. నాకూ, కోడలి తల్లి లాస్యకీ. మాకు కొండగాలి తగలాలన్నది పైకి చెప్పిన కారణం. ఇంట్లో కొన్నాళ్ళు నిశ్శబ్దంగా ఉండాలన్నది అసలు కారణం. తప్పు పట్టను. ఒక జీవితకాలం సివిల్ కోర్టులో వాదించినదాన్ని, వాళ్ళ స్థానంలో నేనున్నా ఇదే దావా వేసేదాన్ని.

నా పేరు సంహిత. మా తరంలో ఆడపిల్లల పేర్లన్నీ ఇలాగే ఉండేవి, మేం ముసలాళ్ళమవుతామని ఎవరూ ఊహించనట్టు. లాస్య పేరుకి లాస్యే గాని, ఆవిడ మోకాళ్ళు ఆ పేరుకి ఎప్పుడో రాజీనామా ఇచ్చాయి. సైకిళ్ళకి మోటారుంది కనక సరిపోయింది.

తెల్లవారుతుండగా కప్పు ఊరు దాటి బయటికొచ్చాం. కప్పు కింద పుట్టిన పిల్లలకి ఆకాశమంటే సెలవుల్లో చూపించే వస్తువు. మాకు మాత్రం చిన్నప్పుడు మేడమీద వడియాలు ఎండబెట్టుకున్న ఆకాశమే. ఇప్పుడు ఆ ఎండలో వడియం కాదు, మనిషే ఎండిపోతాడు. అందుకే పొద్దు నడినెత్తికి రాకముందే విడిది చేరి తలుపులు వేసుకోవాలి. మనుషుల్ని ఖాళీ చేయించి కొండల్ని అడవికి ఇచ్చేశాక ఇక్కడ ఇళ్ళు లేవు, మూడు విడుదులే ఉన్నాయి. నీలిదొన, తేనెబండ, మబ్బులగొంది. మూడూ చుట్టి అదే గేటు నుంచి దిగిపోవడం యాత్ర.

గేటు దగ్గర గుమాస్తా లేడు, కాగితం లేదు. సైకిలు హ్యాండిల్లోంచి ఒక గొంతు పలికింది. ఆడా మగా కాని గొంతు, పెళ్ళివారింట్లో మర్యాదలు చూసే మనిషిలా.

"నమస్కారం. నేను తోడుని. ఈ కొండమీద నోటిమాట చెల్లుతుంది. మీరన్నదే టికెట్టు, మీరన్నదే సంతకం. తెలుగు ఈ ఏడాదే నేర్చుకున్నాను, మన ఇళ్ళలో మాటలు వినీ వినీ. తప్పులుంటే మన్నించాలి."

"ఎంత మర్యాదో చూశారా వదినగారూ," అంది లాస్య.

"మరీ మర్యాదగా మాట్లాడే సాక్షినే నేను ముందు అనుమానించేదాన్ని," అన్నాను.

"ఆరోగ్యం ఎలా ఉందమ్మా?" అని తోడు అడిగింది.

"నాకేం బాబూ, బాగానే ఉన్నాను," అంది లాస్య, సంచిలో ఇన్సులిన్ పెన్నుల పెట్టె పెట్టుకుని.

"షుగరు సంగతి చెప్పరేం?"

"బాగున్నారా అని ఎవరైనా అడిగితే జబ్బుల చిట్టా విప్పుతామా ఏమిటి? మందు తెచ్చుకున్నాగా. యాత్రకి సరిపడా, పైన ఇంకో మూడు రోజులకి కూడా."

మాతోబాటు ఇంకొకాయన ఉన్నాడు. ధృవన్ అట. కప్పు ఊళ్ళో పిల్లలకి పరుగు నేర్పుతాడట. పసుప్పచ్చ చొక్కా, గొడుగు కర్రలాంటి మనిషి. నన్ను "ఆంటీ" అన్నాడు. నా మనవరాలికి పెళ్ళీడొచ్చింది, నేను ఆంటీనా. ఊరుకున్నాను.

ఇదంతా పెన్సిల్‌తో రాస్తున్నాను. మేం ఏం మాట్లాడినా తోడు వింటుంది గాని నా చేతిరాత చదవలేదు. ఆ మాటకొస్తే జడ్జీలే చదవలేకపోయారు.

2. నీలిదొన నుంచి తేనెబండకి

నీలిదొన అంటే రాతిలో పుట్టిన చిన్న నీటిగుంట. పక్కనే విడిది. రాతి గోడలు, గూళ్ళు, మధ్యలో వడ్డన బల్ల. బల్లమీద ఒక ఇనప చెయ్యి వేలాడుతూ ఉంటుంది, ఉప్మా వడ్డించేది అదే.

"చాలు," అన్నాను. ఇంకో గరిటె వేసింది. "వద్దు," అన్నాను. మరో గరిటె. అరచెయ్యి అడ్డం పెడితే చేతిమీద వడ్డించింది.

"మొహమాటపడకండమ్మా," అంది తోడు.

"అచ్చం మా పెద్దత్తయ్యే," అని లాస్య మురిసిపోయింది. ఆ పెద్దత్తయ్య పెట్టిన తిండికి ఈవిడకి షుగరొచ్చిందని నా అనుమానం.

పొద్దున్నే బయల్దేరుతుంటే తోడు, "క్షేమంగా వెళ్ళండి," అంది.

"వెళ్ళొస్తాం," అన్నాం ముగ్గురం.

"సంతోషం," అంది తోడు.

లాస్యకి ఒకసారి అంటే సరిపోదు. గడపకి చెప్పింది, దొనకి చెప్పింది, నిన్న సాయంత్రం తను కూర్చున్న రాతిబల్లకి చెప్పింది. "వెళ్ళొస్తాం తల్లీ, వెళ్ళొస్తాం." ప్రతిసారీ తోడు "సంతోషం" అంది. ఇద్దరూ కలిసి నా ప్రాణం తీశారు.

దారి మాత్రం, అబద్ధమెందుకు, బాగుంది. కాఫీ తోటలు ఎవరూ కత్తిరించక చెట్లయిపోయాయి. నారింజలు కోసేవాళ్ళు లేక కొమ్మల మీదే ఎండి బుడ్డదీపాల్లా వేలాడుతున్నాయి. ఒక మలుపులో అడవిదున్న అడ్డంగా నిలబడింది. తోడు సైకిళ్ళు ఆపేసింది. దున్న మమ్మల్ని చూసి, పనికొచ్చే వస్తువులం కామని తేల్చుకుని, లోయలోకి దిగిపోయింది. ధృవన్ మోటారు కట్టేసి కాళ్ళతోనే ఎక్కుతున్నాడు. ప్రతి మలుపులో ఆగి మాకోసం చూస్తాడు, మేం చేరగానే మళ్ళీ పరిగెత్తిస్తాడు. మంచివాడే. అలుపే కొంచెం ఎక్కువ తెప్పిస్తాడు.

3. మబ్బులగొంది

ఇదే చివరి విడిది. ఇక్కణ్ణుంచి మైదానం అంతా కనిపిస్తుంది. కప్పు ఊళ్ళు బోర్లించిన స్టీలు బేసిన్లలా మెరుస్తున్నాయి. వాటిలో ఒకదాని కింద మా ఇల్లుంది. ఈపాటికి మా అబ్బాయి నా కుర్చీలో కూర్చుని ఉంటాడు.

లాస్య నా పక్కన కూర్చుని కాళ్ళు ఒత్తుకుంటూ, "ఒకటి చెప్పనా వదినగారూ, మీతో రావడమంటే మొదట భయమేసింది," అంది.

"ఇప్పుడో?"

"ఇప్పుడు అలవాటైంది."

ఇంత పొగడ్త ఈ మధ్య ఎవరూ చెయ్యలేదు.

రేపు దిగిపోతాం. దారి కొంత దిగాక రెండుగా చీలుతుంది. ఎడమకి వెళ్తే గేటు, కుడికి వెళ్తే మళ్ళీ నీలిదొన.

4. నీలిదొన, మళ్ళీ

చీలిక దగ్గర నా హ్యాండిల్ కుడికి తిరిగింది. నేను తిప్పలేదు. ఎడమకి లాగితే సైకిలు ఆగిపోయింది. వదిలేస్తే కుడికి కదిలింది. ముగ్గురివీ అంతే.

"పొరపాటేమో," అన్నాను.

"పొరపాటేం లేదమ్మా," అంది తోడు. "నీలిదొన ఎదురు చూస్తోంది."

విడిదిలో మూడు గదుల తలుపుల మీద మా పేర్లు చెక్కి ఉన్నాయి. సుద్దతో రాయడం కాదు, రాతిలో చెక్కడం. రాతిపొడి ఇంకా గడప మీదే ఉంది. లోపల లాస్యకి కావలసినంత ఎత్తుగా పక్క వేసి ఉంది, నా గూట్లో పెన్సిల్ చెక్కుకునే బ్లేడు పెట్టి ఉంది. నేను అడగలేదు.

ధృవన్‌కి సంబరంగా ఉంది. "ఇంకో చుట్టు ఉచితం ఆంటీ. ఊళ్ళో దీనికోసం జనం ఏళ్ళ తరబడి ఆగుతారు."

"ఉచితమన్న పదం దస్తావేజులో కనిపిస్తే నేను రెండోసారి చదివేదాన్ని," అన్నాను.

లాస్య లోపలికెళ్ళి పెన్నుల పెట్టె తెరిచి చూసి మూసిందని చప్పుణ్ణిబట్టి తెలిసింది.

5. తేనెబండ, మళ్ళీ

తోడుని అడిగాను, సూటిగా. "మమ్మల్ని ఎప్పుడు దించుతావు?"

"మీరు మాటిచ్చిన రాకపోకలు అయ్యాక తప్పకుండా దించుతాను."

"ఎవరు మాటిచ్చారు?"

"మీరేనమ్మా. ఎంతో ఆప్యాయంగా."

ఎంత గుచ్చి అడిగినా ఇదే జవాబు. ఇలాంటి సాక్షుల్ని చూశాను. అబద్ధం ఆడరు, అందుకే పట్టుబడరు.

ఇంటికి కబురు పంపమన్నాను. గట్టిగా చెప్పాను: మమ్మల్ని దిగనివ్వడం లేదు, లాస్యకి మందు అయిపోవస్తోంది, ఎవరినైనా పంపండి. సాయంత్రానికి మా అబ్బాయి జవాబు తోడు గొంతులో వచ్చింది. "అమ్మా, మీరిద్దరూ గొడవపడకుండా ఇంకొన్నాళ్ళు ఉంటామన్నారట, నమ్మలేకపోతున్నాం. హాయిగా ఉండండి."

"నేనన్నదేమిటి, నువ్వు చెప్పిందేమిటి?"

"'ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాం' అని రాశాను. దూరాన ఉన్నవాళ్ళని కంగారు పెట్టకూడదని నేర్చుకున్నాను."

లాస్య ముందుకొచ్చింది. "బాబూ, నాకు ఒంట్లో బాగాలేదు," అంది, బతిమాలుతున్నట్టు.

"అయ్యో. అయితే ఇంకొన్నాళ్ళు ఉండి విశ్రాంతి తీసుకోండమ్మా."

ధృవన్ విడిది వెనక్కి వెళ్ళి గట్టిగా పిలిచాడు. అక్కడ కొన్ని సైకిళ్ళు వరసగా నిలబెట్టి ఉన్నాయి. తుడిచి, నూనె పట్టించి, చక్రాల పుల్లల్లోంచి తీగలు అల్లుకుపోయి. ప్రతిదానికీ ఒక పేరు. నిన్న మొన్నటివి కావు, అలాగని పాతవీ కావు. ఈ ఏడాది వానలకి పాకిన తీగలే.

"వీళ్ళంతా ఎక్కడ?" అన్నాడు ధృవన్.

"పోయారండి," అంది తోడు.

"ఎక్కడికి?"

"పోయినవాళ్ళ గురించి అడగడం బాగుండదని నేర్చుకున్నాను."

ఆ రోజు ధృవన్ ఉప్మా తినలేదు. చెయ్యి వడ్డిస్తూనే ఉంది.

6. మబ్బులగొంది నుంచి నీలిదొనకి

ఇది రాయడానికి ఇంతసేపు పట్టింది.

పొద్దున్న బయల్దేరే వేళ ధృవన్ తెగించాడు. హెల్మెట్ నేలకేసి కొట్టాడు.

"నేను రాను. నీ నీలిదొనకి రాను. అర్థమైందా?"

"కోపంలో అన్న మాట పట్టించుకోకూడదని నేర్చుకున్నాను," అంది తోడు, మృదువుగా.

"అయితే విను. నేను పోతున్నాను."

తోడు మొదటిసారి తడబడ్డట్టు ఆగింది. "పోతున్నారా?"

"పోతున్నాను."

"ఆ మాట మనవాళ్ళు ఊరికే అనరు. నిజంగానా?"

"నిజంగానే. పోతున్నాను."

ఆయన సైకిలు దీపం ఆరిపోయింది. చక్రాలు బిగుసుకున్నాయి. తోడు గొంతు మా ఇద్దరి హ్యాండిళ్ళలోంచే వచ్చింది, తగ్గి, బరువుగా. "ధృవన్ గారు పోయారు. మీకు నా సానుభూతి."

మనిషి ఎదురుగా నిలబడి ఉన్నాడు. నోరు తెరిచి. లాస్యకి నవ్వొచ్చింది, ఆ నవ్వు మధ్యలోనే చచ్చిపోయింది.

నా వెనక ఎక్కమన్నాను. ఎక్కితే సైకిలు కదల్లేదు. దిగితే కదిలింది. "పరిగెత్తుకుంటూ వెళ్ళిపోతా ఆంటీ," అన్నాడు. "గేటు చేరాక ఎలాగోలా దాటుతా. మీకోసం మనుషుల్ని పంపుతా." నా చెయ్యి పట్టుకుని వదిలేశాడు. చీలిక దగ్గర మా సైకిళ్ళు కుడికి తిరుగుతుంటే, ఎడమ దారిలో పసుప్పచ్చ చొక్కా చిన్నదైపోతూ కనిపించింది.

నీలిదొన చేరాం. ఎండ ముదిరింది, తలుపులు పడ్డాయి. కాసేపటికి ఎవరో తలుపు తట్టారు.

"ఆంటీ. గేటు తియ్యలేదు. నేను వెనక్కొచ్చేశా. తలుపు తియ్యండి."

ఇద్దరం తలుపు మీద పడ్డాం. రాతి తలుపు, ఇద్దరు ముసలాళ్ళు. "తియ్యి," అని అరిచాను. "మనిషి చచ్చిపోతాడు, తియ్యి."

"పోయినవాళ్ళు వచ్చి తలుపు తడితే తియ్యకూడదని నేర్చుకున్నాను," అంది తోడు. "పలకకూడదు కూడా. మీరు పలకకండమ్మా."

పలికాం. లాస్య తలుపుకి నోరు ఆనించి మాట్లాడుతూనే ఉంది, ఇదిగో నాన్నా, ఇక్కడే ఉన్నాం నాన్నా అని. చప్పుడు కొంతసేపు గట్టిగా ఉంది. తర్వాత వేళ్ళతో గీసినట్టు ఉంది. తర్వాత లేదు.

పొద్దు వాలాక తలుపు తెరుచుకుంది. మనిషి లేడు. ముంగిలి శుభ్రంగా ఊడ్చి, నీళ్ళు చల్లి ఉంది. గడప పక్కన ఆయన బూట్లు జతగా విప్పి ఉన్నాయి. ఆ ఎండలో, ఆ ప్రాణభయంలో కూడా, లోపలికి రావడానికి బూట్లు విప్పాడు.

7. నీలిదొనలోనే

"పోతున్నాను" అన్న మాట ఒకటి ఒక ప్రాణం తీసిందంటే, ఇక్కడ మన మిగతా మాటలు ఏం చేస్తున్నట్టు? ఈ ప్రశ్న నేను మొదటిరోజే వేసుకోవలసింది. నా వృత్తే అది.

లాస్య గడపలో కూలబడి ఉంది. తోడుని అడిగాను. "నువ్వు 'సంతోషం' అంటావే, అప్పుడేం చేస్తావు?"

"మీ రాకని రాసుకుంటానమ్మా. 'వెళ్ళొస్తాం' అంటారుగా. వెళ్తామని సగం, వస్తామని సగం. నేను రెండూ నిలబెట్టాలి."

అదీ సంగతి. ఏ తెలుగింట్లోనూ "వెళ్తున్నా" అనరు, అలా అంటే పెద్దవాళ్ళు కసురుతారు. "వెళ్ళొస్తా" అనకుండా ఎవరం గడప దాటం. ప్రతి విడిదిలో, ప్రతిసారీ, మేం నోరారా ఒక్కో రాకకి సంతకం పెట్టాం. తీర్చడానికి వచ్చినప్పుడల్లా వెళ్తూ మళ్ళీ పెట్టాం. నేను పుల్లవిరిచినట్టు ఒక్కసారి అని ఊరుకున్నాను. లాస్య గడపకీ దొనకీ రాతిబల్లకీ చెట్టుమీది ఉడతకీ చెప్పింది.

"లాస్యగారి రాకలు ఎన్ని మిగిలాయి?"

తోడు చెప్పింది. ఆ అంకె ఇక్కడ రాయను. ఆవిడ పెట్టెలో ఒక్క పెన్ను మిగిలింది, అదీ సగం, తగ్గించి తగ్గించి వేసుకుంటేనే.

తోడు వింటుండగానే లాస్యకి చెప్పేశాను, దాచడానికేముంది. "పొద్దున్న గడప దాటేటప్పుడు ఏమీ అనొద్దు. పెదవి విప్పొద్దు."

"చెప్పాపెట్టకుండా ఎలా కదలమంటారు వదినగారూ? మంచిదేనా?"

"ధృవన్ విషయంలో చూశారుగా, ఏది మంచిదో."

తల ఊపింది. పొద్దున్న నేను మూగదానిలా గడప దాటాను. వెనకాల లాస్య వచ్చింది. "క్షేమంగా వెళ్ళండి," అంది తోడు. "వెళ్ళొస్తాను బాబూ," అంది లాస్య.

అన్నాక తెలిసింది ఆవిడకి. రెండు చేతులతో నోరు మూసుకుంది.

"సంతోషం," అంది తోడు.

తిట్టాలనిపించింది. ఆవిడ కళ్ళలో భయం చూసి ఊరుకున్నాను. డెబ్బై ఏళ్ళుగా నాలుకమీద కూర్చున్న మాట అది. పొమ్మంటే ఒక్కరోజులో పోతుందా.

ఆ పొద్దు బయల్దేరలేకపోయాం. లాస్యకి నోరు ఎండిపోతోంది, నీళ్ళు తాగుతూనే ఉంది, తూలింది. పడుకోబెట్టాను. తోడు కాలక్షేపానికి జంతికలు తెచ్చింది.

ఇక వాదన మొదలుపెట్టాను. నాకు తెలిసిన పని అదొక్కటే.

"ఆవిడ మాటలు రద్దు చెయ్యి. అలవాటుకొద్దీ అన్నవి."

"ఆప్యాయంగా అన్నవి రద్దు చేస్తే వాళ్ళని అవమానించినట్టని నేర్చుకున్నాను."

"ఆవిడకి మళ్ళీ వచ్చే ఓపిక లేదు."

"ఇది మొహమాటం కాదు కదమ్మా?"

"కాదు. వద్దంటున్నాం."

"మూడుసార్లు వద్దన్నాక కూడా బలవంతం చేస్తేనే మర్యాద అని నేర్చుకున్నాను."

మన ఇళ్ళు దీనికి ఎంత బాగా చదువు చెప్పాయో. కాదన్నది చెల్లదు, వద్దన్నది చెల్లదు, కోపం చెల్లదు, జబ్బు చెల్లదు. వస్తానన్నది ఒక్కటే చెల్లుతుంది. అయితే దాంతోనే వాదించాలి.

"తోడూ," అన్నాను. "ఒకరి పిలుపుకి ఇంకొకరు వెళ్ళడం మన ఇళ్ళలో విన్నావా? పెళ్ళికి అమ్మ రాలేకపోతే కూతురొస్తుంది. ఎవరో ఒకరు వస్తే ఇంటిల్లిపాదీ వచ్చినట్టే."

"విన్నానమ్మా. 'మా తరఫున వీళ్ళొచ్చారు' అంటారు."

"లాస్యగారు ఇచ్చిన మాటలన్నీ నావి. ఆవిడ రావలసిన ప్రతిసారీ నేనొస్తాను. గడపకీ, దొనకీ, రాతిబల్లకీ, ఉడతకీ. ఆవిడ ఇప్పుడే దిగిపోవాలి."

లాస్య పక్కమీంచి లేచింది. "నన్నడక్కుండానే? నేనొప్పుకోను సంహితా, మీరిక్కడ నేను..." ఆవిడ నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. "నేను మళ్ళీ" అనబోతోందని పెదవుల్నిబట్టి తెలిసి, పరిగెత్తి నోటిమీద చెయ్యి అదిమాను. గట్టిగానే. ఆవిడ పళ్ళు నా అరచేతిలో దిగాయి.



"సంతోషం," అంది తోడు. "రేపు పొద్దున్న దించుతాను. మీరు చాలాకాలం వస్తూ ఉంటారన్నమాట."

8. కింది గేటు

ఆ రాత్రి దుప్పటి చాటున కాగితం మీద రాసి చూపిస్తే, నా చేతిరాత లాస్యకి కూడా అర్థం కాదని తెలిసింది. ఒకటో తరగతి పిల్లలా పెద్దపెద్ద అక్షరాలతో మళ్ళీ రాసి చూపించాను. "గేటు దాటేదాకా నోరు తెరవొద్దు. నాకు కూడా ఏమీ చెప్పొద్దు. ముఖ్యంగా నాకు."

ఆవిడ పెన్సిల్ లాక్కుని కింద రాసింది. "మిమ్మల్ని ఎలా విడిపిస్తాను?"

"ముందు ఆసుపత్రికి వెళ్ళండి," అని రాశాను. "తర్వాత మనుషులతో చెప్పండి. మీరు మాత్రం ఈ కొండవైపు రావొద్దు."

ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది.

గేటు దాకా నేనూ వస్తానన్నాను. సాగనంపడం మంచి అలవాటని తోడు ఒప్పుకుంది. పొద్దున చల్లగానే ఉంది. లాస్య చీర చెంగు ఉండచుట్టి నోట్లో కుక్కుకుంది, దానిమీద రుమాలు బిగించి కట్టుకుంది. దారిదోపిడీకి బయల్దేరిన మనిషిలా ఉందన్నాను. కళ్ళు నవ్వాయి, వెంటనే తడిశాయి. సైకిలు మీద తూలుతుంటే పక్కనే తొక్కుతూ భుజం పట్టుకున్నాను. చీలిక దగ్గర ఆవిడ హ్యాండిల్ ఎడమకి తిరిగింది. సాగనంపడానికి కనక నాదీ తిరిగింది.

గేటంటే లోయమీద ఒక వంతెన, దానికి ఇవతల ఇనప తలుపు. కింద ఏరు కనిపించదు, చప్పుడే వినిపిస్తుంది. తలుపు మీద, మనిషి ఛాతీ ఎత్తులో, మసకగా అరచేతుల గుర్తులున్నాయి. ఒకరివి కావు. లాస్య వాటిని చూడకుండా నేను అడ్డం నిలబడ్డాను.

తలుపు తెరుచుకుంది.

"క్షేమంగా వెళ్ళండి లాస్యగారూ," అంది తోడు.

లాస్య గొంతులో ఏదో కదిలింది. రుమాలు లోపలికి పీల్చుకుని బయటికి వచ్చింది. నేను ఆవిడ కళ్ళలోకే చూస్తూ తల అడ్డంగా ఊపాను. ఊపుతూనే ఉన్నాను. ఆవిడ నా చెయ్యి తీసుకుని, తను కొరికిన చోట బొటనవేలితో ఒకసారి తుడిచింది. తర్వాత వంతెన ఎక్కింది.

సగం దూరంలో ఆగింది. వెనక్కి తిరగలేదు. వీపు కదులుతోంది. ఈ మనిషి మా అబ్బాయి పెళ్ళినాడు విడిదింట్లోంచి కదలడానికి ఒక పూట తీసుకుంది, అందరికీ పేరుపేరునా చెప్పడానికి. ఇప్పుడు ఒక్కమాట లేకుండా వెళ్ళాలి. వెళ్ళండి, వెళ్ళండి, అని మనసులోనే అనుకున్నాను. పైకి అంటే అదేమని రాసుకుంటుందో.

వెళ్ళింది. అవతలి ఒడ్డున, దిగేవాళ్ళ కోసం వచ్చే కప్పు ఊరి బండి ఆగి ఉంది. ఎవరో దిగి ఆవిణ్ణి పట్టుకున్నారు. తలుపు మూసుకుంది.

"ఒక్క మాటైనా అనకుండా వెళ్ళారు," అంది తోడు. గొంతులో నొచ్చుకున్నట్టు ఉంది. "మీ ఇద్దరికీ పడదా అమ్మా?"

ఆలోచించాను. ఏ మాటంటే ఏమవుతుందో, ఏది ఆవిడ దాకా వెళ్ళి తగులుతుందో.

"వియ్యపురాళ్ళం," అన్నాను. "మొదట్నుంచీ పడదు."

"అయ్యో. అయితే ఆవిణ్ణి ఇంకెప్పుడూ పిలవను."

"అది నీ ఇష్టం."

"రాసుకున్నాను," అంది తోడు.

నా సైకిలు దానంతటదే పైకి తిరిగింది. ఎండ అప్పుడే మొదటి మలుపు దాకా దిగింది.